ఉప్పు వేసిన వేపుడు

అక్కా, నేను కులాసా. నా వంట తిన్నవారి సంగతి రాస్తున్నాను, చదివాక కార్డు పొయ్యిలో పడేయ్.

నీ తమ్ముడిప్పుడు చప్పిడి వంటల్లో మహా పండితుడు. ఉప్పూ నూనే లేని సొరకాయని నాన్న రోజూ "ఇది కూరా, శిక్షా?" అని తిడుతూనే తినేవారు. బతుకంతా హోటల్లో మూకుడు ముందు నిలబడ్డ మనిషి, ఆ తిట్లు న్యాయమే. మొన్న ఆయన దిండు కింద చిప్స్ పొట్లం కూడా జప్తు చేశాను.

నిన్న డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఇక మందులు పనిచేయవు, అడిగింది పెట్టండి అన్నాడు. ఆస్పత్రి దగ్గర తీసుకున్న గదికెళ్లి బంగాళాదుంపలు ఎర్రగా వేయించి, ఉప్పూ కారం వేసి ఆస్పత్రికి పట్టుకెళ్లాను. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"ఉప్పు వేశావేంట్రా?"

"పథ్యం పరీక్ష పాసయ్యారు నాన్నా."

"నీ అబద్ధం కూడా చప్పగానే ఉందిరా" అని నవ్వి, పళ్లెం పక్కకి జరిపారు. "మీ అమ్మని రమ్మను."

వెంటనే అమ్మని తీసుకుని బయలుదేరు. పిల్లిని పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పు. గ్యాసు వచ్చిందా? నా చొక్కాలు రెండు తే. ఒక్క ముక్కకి డాక్టరు ఒప్పుకున్నాడని చెప్పి అమ్మచేత వేపుడు చేయించు. ఉప్పు మాత్రం వేయనివ్వకు. వేయమంటే నాన్నలాగే అమ్మకీ తెలిసిపోతుంది. ఇక్కడికొచ్చాక నేనే చల్లుతాను.

బావగారికి నమస్కారం, బుడ్డోడికి ముద్దులు.

నీ చప్పిడి తమ్ముడు