అందించని పాదం

శుక్రవారం, ఏకాదశి

స్నానానికి లేవడమే మహాయజ్ఞమైన ఎనిమిది నెలల దిగులు జబ్బు తరువాత, నేడు సంతోష్‌నగర్ గుడిలో మళ్ళీ పురాణం చెప్పడానికి కూర్చున్నాను. రెండవ పద్యంలోనే మూడవ పాదం మరచిపోయాను. పౌరాణికుడు ఆగితే ప్రక్కనున్న శిష్యుడు పాదం అందించాలి. అది మా ఆచారం. శేఖరం పెదవులు కదిలాయి కాని, స్వరం రాలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు.

ధర్మకర్త ఊరుకోలేదు. "పంతులుగారూ, మీరు గోలీలు మింగితే, గోలీలు పద్యాలు మింగినయా ఏంది?"

సభ అంతా నవ్వింది.

పురాణం ముగిశాక, గుడి బయట చెప్పుల దగ్గర శేఖరాన్ని అడిగాను, "నీకూ గుర్తు లేదుట్రా?" అని.

"యాదికున్నది గురువుగారూ. మూడేండ్ల కింద నాకు గిదే బీమారి వచ్చినప్పుడు, మనసుకు గోలీలు మింగేటోనికి పద్యమెందుకని గీ మందిలనే అన్నరు మీరు. అందరు నవ్విన్రు. అది గూడ యాదికున్నది."

ఆ మాట అన్నట్టు నాకు ఇంతవరకు జ్ఞాపకమే లేదు.

ఇంటికి వచ్చి మాత్ర వేసుకోగానే ఆ పాదం దానంతట అదే నోటికి వచ్చింది. వాణ్ణి క్షమించమని అడిగే మాట మాత్రం ఇంకా రావడం లేదు. రేపూ వాడే నా ప్రక్కన కూర్చుంటాడు...