సెవెరో మాస్టారి చేయి అందుకోకుండుటకు అనుమతి కోరుతూ

సాన్ తెల్మో పట్టణ సంక్షేమాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: వృద్ధాశ్రమంలో సెవెరో మాస్టారికి 'మానో' చేయు బాధ్యత నుండి నాకు మినహాయింపు ఇప్పించుట గురించి.

విన్నవించుకొనునది ఏమనగా, నేను బజారులో జుట్టు కత్తిరించే దుకాణం నడుపుకుంటున్నాను. రోజూ పొద్దున్నే దుకాణం తెరిచే ముందు చర్చి వెనుక వృద్ధాశ్రమానికి వెళ్లి, జీతం బత్తెం లేకుండా పెద్దవాళ్లకు గోళ్లు తీసి, తినలేనివారికి జావ తాగిస్తున్నాను. నన్నెవరూ బతిమాలలేదు. మా అమ్మ పోయాక చేతులు ఊరుకోక వెళ్లాను.

1. గడప దాటగానే పెద్దల చేయి అందుకుని, వంగి, నుదుటికి ఆనించుకోవడం మన మానో. తమరూ చేసే ఉంటారు. సదరు మాస్టారు కుడిచేయి నా నుదుటికి అందించి, నేను వంగి ఉన్న సమయమును ఎడమచేతితో దుర్వినియోగపరచుచున్నారు. ఎక్కడ అని మాత్రం అడగవద్దు. ఆ మాట రాయబోయి కాగితాలు చించేశాను. ఈ ఎండల్లో మెడదాకా గుండీలు పెట్టుకుని వెళ్తున్నాను సార్.

2. సదరు విషయం నిర్వాహకురాలు తోమాసా మేడమ్ గారి దృష్టికి తీసుకుపోగా జరిగిన సంభాషణ:

"పోనిద్దూ నెనితా, పెద్దాయన. మతి నిలకడగా ఉండదు. చంటిపిల్లాడనుకో."

"చంటిపిల్లాడైతే మీ దగ్గరా అలాగే చేయాలిగా మేడమ్?"

"నోరు అదుపులో పెట్టుకో. నా చేత అక్షరాలు దిద్దించిన చెయ్యి అది."

ఆ మతి ఫాదర్ గారు వచ్చినప్పుడు నిలకడగానే ఉంటుంది. కూతురు వచ్చినప్పుడూ ఉంటుంది. గోళ్లు తీయడానికి మగవాడు వెళితే ఎడమచేయి దుప్పటి కిందే ఉంటుంది. దారి తప్పిన మతికి ఇన్ని దారులు ఎలా తెలుసో నాకు తెలియదు.

3. మర్యాదగా చెప్పి చూశాను. "మాస్టారూ, చెయ్యి తీయండి. ఇంకోసారైతే కేకేస్తాను" అన్నాను. ఆయన నవ్వి, "వెయ్యవే. ఎవరు నమ్ముతారో చూద్దాం" అన్నారు. మతి లేని మనిషి మాట ఇదేనా? తమరు గమనించవలెనని కోరుచున్నాను.

4. అందుచేత మొన్న ఆయన చాచిన చేయి అందుకోకుండా, నిటారుగా నిలబడి పలకరించి ఊరుకున్నాను. ఆశ్రమమంతా గుప్పుమంది. "పెద్దల చెయ్యి వద్దంటుందా! ఏ తల్లి కన్నదో!" అని వంటావిడ అంది. పోయిన మా అమ్మను ఇందులోకి లాగారు. అది తలుచుకుంటూ కత్తెర పట్టి, దుకాణంలో ఒకావిడ చెవి గీరేశాను. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని ఉంటోంది.

5. ఆదివారం పూజ అయ్యాక అందరి ముందూ ఆయన చేయి నుదుటికి ఆనించుకుని క్షమాపణ చెప్పుకోవాలని, లేదంటే గేటు దాటి రావద్దని మేడమ్ గారి హుకుం. రాకపోతే నీకేం పోయిందని తమరు అనవచ్చు. అక్కడ లోలా ఇసియాంగ్ అని చూపు లేని ముసలమ్మ ఉంది. నేను పట్టిస్తే తప్ప జావ ముట్టదు. నేను వెళ్లని రోజు "తిననంది" అని గిన్నె ఎత్తేస్తారు. ఆమె కోసం ఆయన ముందు వంగనా? వంగితే రేపు ఏ ఆడపిల్ల వెళ్లినా ఆయనకు ఇక అడ్డేముంది?

కావున నేను ఆయనకు మానో చేయనక్కరలేదని, ఆయన గదికి ఆడవారిని ఒంటరిగా పంపరాదని ఆదివారం లోగా ఉత్తర్వు ఇప్పించ ప్రార్థన. పెద్దలంటే నాకు ప్రాణం సార్. కానీ ఈ ఒళ్లు నాది.

ఇంతకన్నా వంగలేని నా మనవి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
నెనితా పగ్‌తలునన్

తా.క.: శనివారం తమ కార్యాలయం మూసి ఉన్నందున అర్జీ నా దగ్గరే ఉండిపోయింది. ఈలోగా ఆదివారం వచ్చింది. అందరూ చూస్తుండగా మాస్టారు కుర్చీలోంచి చేయి చాచారు. నేను ఉన్నచోటే నిలబడ్డాను. అప్పుడు లోలా ఇసియాంగ్ గొంతు వినిపించింది.

"సెవెరో! నువ్వు నాకంటే చిన్నవాడివి కదరా? ముందు ఇలా వచ్చి నా చెయ్యి అందుకో."

ఫాదర్ గారు చూస్తున్నారు. కాదంటే పరువు పోతుంది. మాస్టారు లేచి వెళ్లి వంగారు. ఆవిడ రెండు చేతులతో ఆయన చేయి పట్టుకుని వదల్లేదు.

"మెడ లాగేస్తోందా నాయనా? ఆ పిల్ల రోజూ ఇలాగే వంగింది. నాకు కళ్లు లేవుగానీ చెవులున్నాయి. నాది పక్క గదేరా. 'చెయ్యి తీయండి' అని అది అనడం ఎన్నిసార్లు విన్నానో చెప్పమంటావా?"

నన్ను క్షమాపణ ఎవరూ అడగలేదు. "రేపు రా. ఇవాళ్టిది మాత్రం బయట అనకు" అని మేడమ్ గారు గేటు దగ్గర గొణిగారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

అయినా ఈ అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు సార్. లోలా ఇసియాంగ్‌కు తొంభై దాటాయి. ఆవిడ తర్వాత ఆ ఇంట్లో అందరికన్నా పెద్ద ఆయనే. కాస్త తొందరపడండి.