లోపల వదిలిన గుడ్డ

ఏలూరు,
12-9-2008

ప్రేమగల అక్క రత్నమాణిక్యానికి,

ఫోన్లో నువ్వు ఏమడిగినా బాగున్నానన్నాను. నీ పక్కన బావగారున్నారని అలా అన్నాను. కాగితం మీదైతే సిగ్గుండదు కనుక రాస్తున్నాను. ఇది నువ్వొక్కదానివే చదువుకో.

పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ జరిగి రేపటికి మూడు నెలలు. నూట పద్దెనిమిది కిలోల మనిషిని తొంభై ఆరుకి వచ్చాను. మొదటి ఆరు నెలల్లో పట్టిన అలవాటే చివరిదాకా నిలుస్తుందని డాక్టరమ్మ చెప్పింది కదా, ఆమె మాట జవదాటడం లేదు. పొద్దున్నే కాలవగట్టు మీద నడక. ముందు గుడ్డు తెల్లసొనో, ముల్లు తీసి మెదిపిన కొరమీను ముక్కో తింటాను. చోటుంటే రెండు చెంచాల అన్నం. తిన్నాక అరగంట దాకా నీళ్ళు ముట్టను. జుట్టు మాత్రం దువ్వెనకి కుచ్చులుగా వచ్చేస్తోంది. కొన్నాళ్ళకి ఆగుతుందట. అందాకా నీ జడ నాకు చూపించకు.

జాకెట్లు రెండు వారాలకోసారి బిగిస్తున్నాను. కానీ లోపల మిగిలిన గుడ్డ కత్తిరించడం లేదక్కా. మళ్ళీ లావైతే విప్పుకోవచ్చని మడిచి కుట్టేస్తున్నాను. ఊళ్ళో అందరికీ బట్టలు కుడతాను, అందరి కొలతలూ నమ్ముతాను, నా కొలతే నమ్మలేకపోతున్నాను.

అసలు బాధ వేరు. మీ మరిది నాతో భోజనానికి కూర్చోవడం మానేశారు. పదహారేళ్ళు ఎదురెదురుగా కూర్చుని తిన్నవాళ్ళం. ఇప్పుడు పెదవేగి మొక్కల నర్సరీలో పని చూసుకుని రాగానే "బయట తినొచ్చాన్లే, నువ్వు తినేయ్" అని పేపరు పట్టుకుని అరుగు మీదకి పోతున్నారు. మధ్యాహ్నానికి కట్టే క్యారియరు కూడా వద్దన్నారు. లావుగా ఉన్నన్నాళ్ళూ నా పక్కన నడవడానికి సిగ్గుపడని మనిషి, ఇప్పుడు నా ముఖం చూస్తూ ముద్ద తినలేకపోతున్నారు. మెడ కింద చర్మం వేలాడుతోంది, బుగ్గలు పీక్కుపోయాయి. ఆయన్నేమనను? అడగడానికి నోరు రావడం లేదు.

ఇరవై రెండో తేదీ, సోమవారం గుండుగొలను మీ ఇంటికి వచ్చేస్తాను. కుట్టు మిషను కూడా తెచ్చుకుంటాను. ఎన్నాళ్ళుంటావని అడక్కు.

నీ చెల్లి,
రత్నకుమారి


ఏలూరు,
18-9-2008

నా బంగారు అక్కకి,

సోమవారం రావడం లేదు. ఈపాటికి నాకోసం గది సర్దేసి ఉంటావు, కాస్త తిట్టుకో.

వచ్చేముందు ఆయన బట్టలైనా బాగుచేసి పెడదామని, చర్చికి వేసుకునే ప్యాంటు తీశాను. నడుం పట్టీ తిప్పితే వెనక, లోపలివైపు, రెండు పిన్నీసులు. మిగతా ప్యాంట్లూ చూశాను, అన్నిటికీ అంతే. పిన్నీసులు పెట్టిన నడుముకి టేపు పెడితే ముప్పై అయిదు. ఆయనది ముప్పై ఎనిమిది, కుట్టింది నేనే. దర్జీపని చేసే పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని మనిషి పిన్నీసులతో తిరుగుతున్నాడు.

సాయంత్రం రాగానే ప్యాంటు ఎదురుగా పెట్టాను. "ఏవండీ, రోజూ బయట తినే మనిషికి నడుం మూడంగుళాలు ఎలా తగ్గుద్దండీ?" అన్నాను.

కాసేపు పిన్నీసు తెరుస్తూ, మూస్తూ కూర్చున్నారు.

"బస్టాండులో టీ తాగి బన్ను తింటున్నానే" అన్నారు. "నువ్వేమో రెండు చెంచాలు తిని చెయ్యి కడిగేసుకుంటావు. నీ ముందు కంచం నిండా కలుపుకుంటే నోరూరుద్దేమో, ఇంత కష్టపడిందీ పాడైపోద్దేమోనని భయమేసింది. క్యారియరుకి వండుతుంటే ఆ వాసనకైనా అంతేగా."

"నా ముఖం చూడలేక కాదాండీ?"

"ముఖానికేమైంది?" అన్నారు. నిజంగానే అర్థం కాలేదు ఆయనకి.

అక్కడే కూలబడి ఏడ్చానక్కా. మూడు నెలలు నాకోసం ఆకలితో తిరిగిన మీ మరిది ఎలీయాజరు గారి గురించి నీకు ఎంత మాట రాశాను.

ఆ పూటే చేపల పులుసు పెట్టి ఎదురుగా కూర్చోబెట్టాను. "మీరు దాక్కోవడం కాదు, నాతోపాటు నెమ్మదిగా తినండి, అదే నాకు సాయం" అన్నాను. ఆయన మూడుసార్లు కలుపుకున్నారు. నేను చిన్న గిన్నెలో ముక్క మెదుపుకుని, నమిలి నమిలి ఆయనతోనే ముగించాను. నాకు ఇంకా కావాలనిపించలేదు. ఆయన తినడం చూస్తుంటే హాయిగా ఉంది.

నిన్న నా జాకెట్లలో మడిచిన గుడ్డంతా కత్తిరించేశాను. ఆయన ప్యాంట్లు కూడా బిగించాను. వాటిలో మాత్రం లోపల గుడ్డ బాగా వదిలాను. త్వరలోనే విప్పాలి.

నీ చెల్లి,
రత్నకుమారి