మిషను కునుకు

అన్నయ్యా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. కాలవల్లో పూడిక తీసే మన పాత హైడ్రాలిక్ మిషన్ని అమ్మేద్దామనుకున్నాను. దాని సీటెక్కబుద్ధి కావడం లేదు.

కొండపల్లి నుంచి ఒక కాంట్రాక్టరు గారు భవానీపురం వచ్చి దాన్ని చూశారు. "సిలిండర్లో వాషర్లు అరిగినట్టున్నాయి. బకెట్‌ని మోసే బూమ్ దానంతటదే దిగుతుందా అండీ?" అని అడిగారు.

"కునుకు తీస్తుందండీ," అన్నాను. ఆ మాట నీదే. ఆ రోజు కూడా అందరితో అదే చెప్పాను. అన్నయ్య బకెట్ కింద దూరి పిన్ను చూస్తున్నాడు, నేను సీట్లోనే ఉన్నాను, లివర్ ముట్టుకోలేదు, మిషనే కునుకు తీసింది అన్నాను. అమ్మ నమ్మింది. వదిన కూడా నమ్మింది.

ఆయన బూమ్ ఎత్తించి, ఇంజను ఆపించి, అచ్చం నీలాగే సిలిండరు కడ్డీ మీద సుద్దగీత గీశారు. గంటసేపు కూర్చున్నాం. గీత సిలిండరు వైపు రెండు వేళ్ల మందమే జరిగింది.

"ఇంతేనా! దీనివల్ల ఎవరి ప్రాణానికీ భయం లేదు లెండి," అని ఆయన నవ్వారు.

ఆ సిలిండర్ని ఈ ఏడాదిలో ఎవరూ విప్పలేదు. ఆ రోజు నువ్వు బకెట్ కింద ఉన్నది చుట్ట వెలిగించుకునేంత సేపే.

బూమ్ పడే ముందు నువ్వు తలెత్తి నావైపు చూశావు.

ఏం చూశావన్నయ్యా?