పేరు చెప్పని ఆకు

చందర్లపాడు,
ఆగస్టు 16, 2003.

చిరంజీవి శాంతికుమార్‌కి అమ్మ దేవమణి ప్రభువు పేరిట దీవించి రాయించేది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం.

ఈ క్షేమం ముక్క నేను చెప్పింది కాదు. రాసిపెడుతున్న ప్రేమానందం మాస్టారు ఉత్తరమంటే అట్టానే మొదలవ్వాలని తనే రాసేశాడు. కొట్టెయ్యండి అంటే కాగితం పాడవుద్దంటాడు. ఉండనీ. నేనూ, గేదే, మీ నాన్న సమాధికి వేయించిన సున్నం క్షేమం. మీ అక్క క్షేమం కాదు.

మోకాలు ఎట్టా ఉందని అడిగావు. నువ్వు పంపిన గొట్టం మందు రాస్తున్నా. వాసన తప్ప ఆముదం కంటే గొప్పదేం కాదు. నందిగామ వెళ్ళి అక్క దగ్గర ఉంటున్నావా అని అడిగావు. ఉండక ఎక్కడికి పోతా? శుక్రవారం సాయంత్రం ఇటొచ్చి, ఆదివారం ప్రార్థన అవగానే మళ్ళీ బస్సెక్కుతున్నా.

నాలుగు కేన్సరు సూదులకి అక్క మెడ మీద గడ్డ ఉసిరికాయంత ఉన్నది శనగ్గింజంత అయిందని నీకు తెలుసు. ఆ తరవాత రెండుసార్లు బెజవాడ ఆసుపత్రికి తీసుకెళ్ళా. రెండుసార్లూ రక్తం తీసి, తెల్లకణాలు పడిపోయినయ్, ఇప్పుడు సూది వేస్తే తట్టుకోదు, తరవాత రండి అని తిప్పి పంపారు. ఆ కణాలు ఒంటికి కాపలా కాసేవంట. కాపలావాళ్ళు ఏమైపోయారమ్మా అంటే వాళ్ళకీ అంతుబట్టట్లేదంట. మొన్న తల దువ్వుతూ మెడ తడిమి చూశా. గడ్డ మళ్ళీ రేగుపండంత అయింది. అక్కకి చెప్పలేదు. దానికి తెలియకనా? ఇంత ఉక్కలోనూ పైట మెడ చుట్టూ కప్పుకునే తిరుగుతోంది.

అక్కడి డాక్టరమ్మ నీ ఈడుది. "ఇంట్లో పసరు మందులేమైనా పోస్తున్నారా అమ్మా" అని మెత్తగానే అడిగింది. "మమ్మల్ని చూస్తే అడివిలోంచి వచ్చినట్టుందా అమ్మాయ్" అని నోరు మూయించా. అక్క నా వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

ఇప్పుడు నీ సంగతికొస్తా. క్రిస్మస్‌కి వచ్చి అరుగు మీద కూర్చుని ఏం చెప్పావు? మా లాబులో ఆకుల సారం తీసి గాజుపళ్ళెంలో కేన్సరు కణాల మీద పోస్తే చస్తున్నయ్, నీ ఆకుమందులు ఉత్తవి కాదమ్మా అన్నావు. పుట్టిన కాడ నుంచి నా వైద్యాన్ని నువ్వు మెచ్చుకున్నది అదొక్కసారే. ఏ ఆకురా అని అడిగితే, నీకెందుకులే, అది పెద్ద చదువు అన్నావు. ఎంత పోస్తే చస్తున్నయ్, అదే మనిషికి పోస్తే ఏమవుద్ది, ఆ ముక్క చెప్పకుండా అరిసెలు మూట కట్టించుకుని పోయావు. సగం మాట చెప్పి పోయినోణ్ణి ఏమనాలి? పిల్లాడికేం తెలుసు పాపం అని మాస్టారు కలం ఆపాడు. మీరు రాయండి మాస్టారూ, తీర్పు తరవాత చెబుదురుగాని.

నిన్న సాయంత్రం నీ ఉత్తరం చదివించుకున్నా. అక్కకి వేసే సూదుల్లో ఒకటి మన సమాధుల దొడ్లో పూసే బిళ్ళగన్నేరులోంచి తీసిందేనని, అది గడ్డని చంపుద్ది గానీ మోతాదు మించితే తెల్లకణాల్నీ చంపుద్దని, అందుకే రవ్వంత కొలిచి ఇస్తారని రాశావు. వింటే అమ్మ సంతోషిస్తుందని కూడా రాశావు. మూడుసార్లు చదివించా. మాస్టారు నా మొహం చూసి మంచినీళ్ళు తెచ్చాడు.

శాంతీ, అక్కకి నేను పోస్తున్నది అదే.

నాలుగో సూది అయిన కాడ నుంచి, దాని దగ్గరున్న ప్రతి పొద్దునా, గుప్పెడాకు దంచి మజ్జిగలో పిండి పోశా. సుగరు జబ్బోళ్ళకి నాలుగాకులు నూరి ఉండ చేసి ఇస్తుంటాగా, దానికి పదింతలు. గడ్డ ఎట్టాగూ పారిపోతోంది, ఇంకాస్త తరుముదామని. ఏం పసరమ్మా అని అడిగింది. అడక్కుండా తాగమన్నా. కక్కుకుంటే తిట్టి మళ్ళీ పోశా.

మీ నాయనమ్మ ప్రాణం పోయే రోజు నా చెవిలో చెప్పిన మందు అది. తెల్లారకముందే ఎవరితోనూ మాట్లాడకుండా కొయ్యాలి, ఏ ఆకో పైకి చెప్పకూడదు, చెబితే చేతిలో మందు చచ్చిపోద్ది అంది. నలభై ఏళ్ళు ఆ మాట మీదే ఉన్నా. నువ్వు చదువని దాచావు, నేను ఆచారమని దాచా. తాగింది మాత్రం మీ అక్క.

ఎస్టీడీ బూతులో నలుగురూ వింటుంటే ఈ మాట నోటికి రాదు, అందుకే రాయిస్తున్నా. ఇక ఒక్క చుక్క పొయ్యను. మాస్టారి ముందు పేరు చెప్పేశాగా, నా చేతి మందు పోయినట్టే. పోనీ.

వచ్చే గురువారం మళ్ళీ రమ్మన్నారు. మొక్కని వేళ్ళతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెడతా. ఇదీ ఆకు, ఇంత పోశా, ఇన్నాళ్ళు పోశా అని నా నోటితోనే చెబుతా. నువ్వు పది గంటలకల్లా ఆసుపత్రి గేటు దగ్గర ఉండు. ఆమె చెప్పేది నాకు విడమరిచి చెప్పాలి. ఈసారి సగం చెబితే ఊరుకోను.

అక్కకి ఇంకా చెప్పలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి చెబుదామనుకుంటున్నా. తిడితే పడతా. ఏమీ అనకుండా పైట సర్దుకుని బయటికి చూస్తూ కూర్చుంటే ఏం చెయ్యాలని మాస్టారిని అడిగా. ఆయన ఆ మాట కూడా రాసి, వేలిముద్రకి కాగితం నా ముందుకి జరిపాడు.

ఇట్లు,
వేలిముద్ర వేసిన మీ అమ్మ,
దేవమణి