ఎడమ వైపు తలుపు

ఏప్రిల్ 24, 1988, ఆదివారం

కోదాడ నుంచి కారు కొనేందుకు ఒకాయన వచ్చి చూసి పోయాడు. తార్పాలిన్ తీయగానే రెండు బల్లులు బయటికి ఉరికాయి. బానెట్ ఎత్తాడు, ఇంజను స్టార్ట్ చేసి విన్నాడు, బాగానే ఉందన్నాడు. ఎడమ వైపు ముందు తలుపు దగ్గర ఆగిపోయాడు. సుత్తి దెబ్బల గుంటలు, వాటి నిండా తుప్పు.

"ఇందులో ఎవరైనా పోయారాండీ?"

ఏదో ఒకటి చెప్పి పంపొచ్చు. మా ఆయనకు అది చేతకాదు. "మా మామ పోయిండు. అప్పుడు నేనే నడుపుతుంటి" అన్నాడు.

ఆ మనిషి బాయి దగ్గరికి పోయి చేతులు కడుక్కున్నాడు. పెట్టిన టీ తాగలేదు. మా నాన్న కూర్చున్న చోటును ముట్టుకున్నందుకు చేతులు కడుక్కున్నాడు... నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఏప్రిల్ 26

"రంగు వేద్దాం" అన్నాను.

అన్నం కలుపుతున్న ఆయన చెయ్యి ఆగింది. "ఎవరు?"

"మనమే. బడికి సెలవులేగా నాకు."

"మనకేం తెల్సు?"

"ఏటా నల్లబల్లకు రంగు వేసేది నేనే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వద్దని కూడా అనలేదు. అమ్మడానికా, ఉంచుకోవడానికా — ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నాకు తెలిస్తే కదా.

పదిహేనేళ్ళు టాక్సీ నడిపాడు. కార్తీకం నుంచి స్టీరింగ్ ముట్టలేదు. విత్తనాల కొట్లో సంచులు తూస్తున్నాడు. సైకిల్ మీద పోతాడు, అదీ రోడ్డు దిగి, మట్టి మీద.

ఏప్రిల్ 28

బీరువాలు చేసే యాదగిరి దగ్గరికి వెళ్ళాం. మిర్యాలగూడలో ఇనుము మీద నున్నగా రంగు కొట్టేది అతనే. అతనే వేస్తానంటే బాగుండు. వేయడు. కారుకు వేసే తీరిక లేదట, పెళ్ళిళ్ళ సీజను, బీరువాలు వరసలో ఉన్నాయి. చెప్తానన్నాడు మాత్రం.

"బీరువా లెక్కనే టీచరమ్మా. పాత రంగు రుద్దాలె, గుంటలకు లప్పం పెట్టాలె, మళ్ల రుద్దాలె, రంగు కింద అస్తరు కొట్టాలె, మళ్ల రుద్దాలె. రంగు ఒక్క రోజు పని. రుద్దుడే నెల పని."

రంగు మళ్ళీ అదే ముదురు నీలం. రంగు మారిస్తే ఆర్సీ పుస్తకంలో రాయించాలట. మారిస్తే బాగుండేదేమో...

ఏప్రిల్ 30

రుద్దుతున్నాం. నీళ్ళలో ముంచిన గరుకు కాగితం, సబ్బు నురగ, నీలి బురద. వాకిలంతా నీలం. నా గోళ్ళూ నీలమే. అత్తమ్మ గడపలో కూర్చొని చూస్తోంది. "కోడలు పిల్ల చేతులు సూడు, అద్దకం పని చేసినట్టు" అంది, తనలో తను.

ఆయన కుడి వైపు. నేను వెనక.

మే 1

నేను బానెట్. ఆయన కుడి వైపు.

మే 2

ఇవాళ కూడా కుడి వైపే. ఆ రెండు తలుపులూ ఇక రుద్దితే చిల్లులు పడతాయి. బకెట్ ఎత్తుకొని ఎడమ వైపు వచ్చి కూర్చున్నాను.

కాగితం తలుపుకి పెట్టాను. ఈ పేజీకి కాకపోతే ఎవరికి చెప్తాను. ఈ తలుపుకి ఆనుకొనే కూర్చున్నాడు నాన్న. హుజూర్‌నగర్ దాటాక, పొద్దుగూకే వేళ, రోడ్డు మీద ఆగి ఉన్న లారీ, వెనక లైటు లేదు. ఆయన కుడికి తిప్పాడు. బండి ముందు భాగం తప్పించుకుంది. ఎడమ వైపు లారీ మూలకు తగిలింది. ఆయనకు మోచెయ్యి గీరుకుంది, అంతే.

శవం ఇంకా వాకిట్లో ఉండగానే ఎవరో అన్నారు — "తన దిక్కు కాపాడుకున్నడు." ఎవరన్నారో తెలియదు. వెనక్కి తిరిగి చూడలేదు. ఆరు నెలలుగా ఆ మాట నా చెవిలోనే ఉంది. అన్నం పెడుతున్నప్పుడు, ఆయన చొక్కా ఆరేస్తున్నప్పుడు. ఎవరి చెయ్యయినా కుడికే తిరుగుతుంది, ఎడమకు తిప్పితే నేరుగా లారీ కిందికే. నాకు తెలుసు. తెలిసినా పోదు.

ఒక్క మాట కూడా ఎదురు అనలేదు ఆయన్ని. అదేదో గొప్పతనం అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

మే 5

లప్పం పెట్టాను. గుంట కనపడకూడదని మందంగా మెత్తాను. ఎండకు పెంకులు పెంకులుగా పగిలింది. యాదగిరి సైకిల్ ఆపి చూసి, "గోడకు సిమెంటు గిలాబు కొట్టినట్టు కొట్టినవేందమ్మా" అన్నాడు. పల్చగా, ఒకటి ఆరాక ఒకటి. అంతా గీకేసి మళ్ళీ మొదలు.

గుంట లోతు ఎంతో పెట్టిన లప్పాన్ని బట్టి తెలుస్తోంది. ఇప్పటికి నాలుగు పొరలు.

మే 7

ఐదో పొర. కళ్ళు మూసుకొని అరచేత్తో నిమిరి చూడాలట, కంటికి దొరకనిది చేతికి దొరుకుతుందట. నిమిరాను. నాన్న వీపు నిమిరినట్టనిపించి కాసేపు అక్కడే ఉండిపోయాను. ఏడ్చాను. ఆయన అవతలి పక్క నుంచి చూసి నీళ్ళ బకెట్ మార్చి పెట్టి పోయాడు.

మే 8

అస్తరు కొట్టాం, కుంచెలతో. ఎర్ర మన్ను రంగు. ఒక గంట ఎంత బాగుందో. తర్వాత గాలి తిరిగింది. మిల్లుల్లో ఊక కాల్చిన బూడిద — నల్లటి నలకలు — కారు నిండా. తడి మీద పడి అంటుకుపోయాయి. ఈ ఊళ్ళో ఆరేసిన బట్టల మీద, అప్పడాల మీద పడుతూనే ఉంటుంది. కారు మీద పడుతుందని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

"యాసంగి వడ్లొచ్చినై. రాత్రీ పగలూ ఆడుతనే ఉంటయి మిల్లులు" అన్నాడు ఆయన.

మళ్ళీ రుద్దుడు.

మే 10

ఉపాయం యాదగిరే చెప్పాడు. అమావాస్య. హమాలీలు రారు, మిల్లులన్నీ బందు. అతని కొట్టూ బందే, కాబట్టి కంప్రెషరూ రంగు కొట్టే గన్నూ ఆ ఒక్క రోజు మాకిస్తాడు. నెలలో గాలి శుభ్రంగా ఉండే రోజు ఈ ఊరికి అదొక్కటే. ఈ నెల ఆదివారం వచ్చింది.

అత్తమ్మ వింటూనే లేచింది. "అమాసనాడు మంచి పని ఎవలన్న మొదలువెడ్తరా? బండికి గాచారం తక్కువున్నదా?"

నా నోరు ఆగలేదు. "నాన్న పోయిన రోజు దశమి అత్తమ్మా. వర్జ్యం లేని వేళ చూసి బండిని పంపింది మీరే."

ఆమె లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. అనకుండా ఉండాల్సింది. అసలు ఆ మాట నేను అన్నది ఆమెనేనా?

మే 11

అత్తమ్మ మాట్లాడటం లేదు. పప్పులో ఉప్పు ఎక్కువైనా ఏమీ అనలేదు. అది మరీ భయంగా ఉంది.

మే 14

అద్దాలకు, లైట్లకు కాగితాలు అంటించాం, మైదా ఉడికించిన జిగురుతో. పేపర్లు చాలక నా దగ్గరున్న ఏడో తరగతి జవాబు పత్రాలు తెచ్చాను. ముందు అద్దం మీద ఒక పిల్ల రాసిన జవాబు: 'గాలి మనకు కనపడదు కాని ఉంటుంది.' రెండు మార్కులు వేశాను. ఆయన అది చదివి నవ్వాడు. చప్పుడు రాకుండా, భుజాలు మాత్రం కదిలాయి. కార్తీకం తర్వాత ఇదే మొదలు.

మే 15, అమావాస్య

పొద్దున్నే కంప్రెషర్ తోపుడు బండి మీద వచ్చింది. మిల్లుల చప్పుడు లేదు. ఊరు ఊరులా లేదు, పక్కింటి రేడియో కూడా వినపడుతోంది. వాకిట్లో దుమ్ము లేవకుండా కళ్ళాపి చల్లాను, రెండు చేతులా, పండగకు చల్లినట్టు. కారు చుట్టూ తాళ్ళు కట్టి తడి చీరలు వేలాడదీశాను, ఎక్కడి దుమ్మయినా వాటికే అంటుకోవాలని. నా చీరలు మూడు. ఇంకో పక్క ఖాళీ. అత్తమ్మ వచ్చింది, మాట్లాడలేదు, తన ఆకుపచ్చ నేత చీర బకెట్లో ముంచి పిండి నా చేతికిచ్చింది.

నాకెంత తెలివి ఉందో అని మురిసిపోయాను.

ఆయన గన్ను పట్టాడు. యాదగిరి చెప్పినట్టే, ఆపకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు. మొదట బానెట్. నీలం అద్దంలా వచ్చింది. తర్వాత కుడి వైపు. అది అయ్యేసరికి బానెట్ మీద తెల్లటి పొగలా ఏదో కమ్మింది. తుడిస్తే పోదు. చూస్తుండగానే వేసిన రంగంతా బూజు పట్టినట్టయింది.

యాదగిరిని పిలిపించాం. చీరలు చూశాడు, కళ్ళాపి చూశాడు, తల పట్టుకున్నాడు. "రంగుకు తడి తగిలిందమ్మా. పెయింటింగ్ కాడ పొడి ఉండాలె. మీరు పెండ్లి వాకిలి చేసిండ్రు." మధ్యాహ్నం దాకా ఎండనివ్వమన్నాడు. నేల పూర్తిగా ఆరాక రంగులో కలిపే థిన్నరు పల్చగా కొడితే పొగ పోతుందట, పోకపోతే మళ్ళీ రుద్దాలట.

చీరలన్నీ విప్పేశాను. ఇద్దరం వరండాలో నేల ఆరడం చూస్తూ కూర్చున్నాం.

ఆయనే మొదలుపెట్టాడు. "అడుగు."

"ఏం అడగను?"

"ఆర్నెల్ల సంది నీ నోట్లె ఉన్నది గదా. కుడికి ఎందుకు తిప్పినవని."

నేను నేలకేసి చూస్తున్నాను.

"నేను తిప్పలే. చెయ్యి తిరిగింది. ఆలోచన చేసేంత టైమే లేకుండె. అటెన్క చూసిన, మామ నా దిక్కే చూస్తున్నడు. గప్పటి సంది ఈ చెయ్యితోని స్టీరింగ్ పట్టబుద్ధి గాలె." చెయ్యి చాపి చూసుకున్నాడు. నీలం రంగు మోచేతి దాకా ఉంది.

అప్పుడు చెప్పాను. ఈ డైరీలో కూడా ఇంతవరకు రాయనిది. నాన్న బస్సులో వస్తానన్నాడు. ఉత్తరం ఉంది, బియ్యం డబ్బా కింద. కంటి ఆపరేషన్ అయింది, బస్సులో నలిగిపోతావు, కారు పంపుతాను, కారులోనే రావాలి, లేకపోతే మాట్లాడను — అని నేనే జవాబు రాశాను. పది రోజులు నా దగ్గర పెట్టుకుందామని ఆశ. అది చెప్పలేక, అంతా ఈయన చేతి మీద పెట్టి ఊరుకున్నాను.

ఆయన ఆరుతున్న నేలనే చూస్తున్నాడు.

"ఎర్కె" అన్నాడు.

"ఏం ఎరుక?"

"మామ చెప్పిండు. హుజూర్‌నగర్ల చాయ తాగుతుంటె. 'మా అమ్మాయి మాట కాదనలేక కారెక్కాను అల్లుడూ, లేకపోతే బస్సులో కిటికీ పక్కన కూర్చొని హాయిగా వచ్చేవాణ్ణి' అన్నడు. నవ్వుకుంట అన్నడు."

"మరి ఒక్కసారి కూడా నన్ను అనలేదేం?"

"అంటె ఏమైతది? నీ మీద ఏసి నేను తప్పుకుంటనా?"

ఆరు నెలలు. నేను మాట్లాడకుండా ఆయన్ని కొడుతూ వచ్చాను. ఒక్క మాటతో నన్ను కూల్చేయగలిగేది ఆయన దగ్గరుంది, కోపం వచ్చిన రోజున కూడా తీయలేదు. ఎంత సిగ్గేసిందో రాయలేను. ఎంత ప్రేమ కలిగిందో కూడా.

మూడు గంటలకు నేల ఆరింది. థిన్నరు కొట్టాడు. పొగ విడిపోయింది, మెల్లగా, ఒక మూల నుంచి. వెనక వైపు కూడా అయ్యాక గన్ను నాకిచ్చాడు. "గా దిక్కు నువ్వు కొట్టు."

"ఇద్దరం" అన్నాను.

నా చేతి మీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఒకచోట ఆగాం కాబోలు, రంగు కారింది. హ్యాండిల్ కింద, కన్నీటి చుక్కంత. తుడవబోతే ఆపాడు. ఆరాక రుద్దొచ్చన్నాడు.

మే 16

ముట్టుకోవద్దన్నాడు యాదగిరి. రెండు సార్లు ముట్టుకున్నాను.

మే 17

అత్తమ్మ మాట్లాడింది. "నా చీరకు నీలం మరకలైనయి." అంతే. ఆమె కాళ్ళ దగ్గర కూర్చొని దశమి మాట అన్నందుకు తప్పయిందన్నాను. "నేను మాత్రం ఆ దినం నుంచి పంచాంగం ముట్టిన్నా?" అంది. నాకు తెలియదు. ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను.

మే 19

దగ్గరగా చూస్తే లోపాలన్నీ కనిపిస్తాయి. డిక్కీ మీద ఈగ కాళ్ళు. కుడి వెనక తలుపు నారింజ తొక్కలా ఉంది. వీధిలోంచి చూస్తే కొత్త కారే.

ఎడమ తలుపు బాగా వచ్చింది.

మే 21

రంగు కోసం తీసిన బ్యాటరీ మళ్ళీ పెట్టించాడు. స్టార్ట్ చేశాడు, కిందనే నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి. సీట్లో కూర్చోలేదు.

మే 22, ఆదివారం

పొద్దున చొక్కా మార్చుకున్నాడు. పెట్రోలు పోయించుకొస్తానన్నాడు. సీట్లో కూర్చొని చాలాసేపు అద్దం సర్దుకున్నాడు. నేను ఎడమ వైపే నిలబడి ఉన్నాను. ఎక్కు అని ఆయన అడగలేదు. ఎక్కనా అని నేను అడగలేదు. రెండూ సులువైన మాటలే.

నెమ్మదిగా పోయాడు. మూల మీద తిరిగేదాకా చూశాను.

పెట్రోలు బంకు ఇక్కడే, పది నిమిషాల దారి. రెండు గంటలయింది. అత్తమ్మ గేటు దాకా పోయి వస్తోంది, ఇది ఎన్నోసారో. కూరగాయల బండి ఆమె చెప్పింది, నీలం కారు హుజూర్‌నగర్ రోడ్డు పట్టిందని. ఒక్కడే, మెల్లగా పోతున్నాడట.

ఎక్కాల్సింది. భయం ఆయన మీద కాదు, నా మీద నాకు — ఆ చోటు రాగానే నా ముఖం ఎలా మారుతుందో, అది ఆయన చూస్తాడేమోనని. ఇప్పుడా చోటును ఎవరూ లేకుండా చూడటానికి ఒక్కడే పోయాడు.

గేటు దగ్గరికి నేను పోవడం లేదు. రాస్తూ కూర్చున్నాను.

ఏదో బండి చప్పుడు... కాదు, ట్రాక్టరు.