మాస్కులో నీళ్లు

ఫిబ్రవరి 3, 1964. ప్రాజెక్టు క్యాంపు
డైవర్ పోస్టుకు నా పేరు రాసుకున్నారు. గోదావరి మడుగుల్లో మునిగి, రాళ్లకు చిక్కిన వలలు విడిపించే బాలమల్లు కొడుకునని చెప్పగానే ఇంజనీరు గారు ఇంకేమీ అడగలేదు. డ్యామ్ గేటు కింద ఏదో ఇరుక్కుందట. దిగి తీసే మనిషి కావాలి. నేర్పడానికి నేవీలో చేసిన దేవదాస్ గారు వచ్చారు. చేపపిల్లకు ఈత నేర్పడమే!

ఫిబ్రవరి 5
వీపు మీద సిలిండర్, నోట్లో రబ్బరు గొట్టం, ముఖానికి అద్దాల మాస్కు. అడుగున నాచు పోగుపోగుగా కనిపించింది. ఇన్నేళ్లూ గుడ్డిగానే దిగానన్నమాట.

ఫిబ్రవరి 6
పరువు పోయింది. మాస్కులోకి నీళ్లు రానిచ్చి, తల పైకెత్తి, పై అంచు నొక్కిపట్టి, ముక్కుతో ఊదాలి. నీళ్లు కిందినుంచి పోతాయి. ఇంతే లెసన్. నీళ్లు ముక్కుకు తగలగానే నేను ఊపిరి బిగబట్టి పైకి లేచాను. నాలుగుసార్లు. అదీ నడుము లోతులో. సిలిండర్ గాలి పీల్చి అలా బిగబట్టి లేస్తే ఊపిరితిత్తులు పగులుతాయని దేవదాస్ గారు తిట్టారు. క్యాంపు వంటవాడు అంబదాస్ మాత్రం, బెస్తోనికి నీళ్లంటె భయమైతున్నదా అని పడీపడీ నవ్వాడు.

ఫిబ్రవరి 7
భయం కాదు, అలవాటు. ఆరేళ్లప్పుడు బాపు నన్ను నీళ్లలో ముంచి చెప్పిన మొదటి మాట, నీళ్లల్ల ఊపిరి ఇడువద్దు, ఇడిస్తె గంగమ్మ మల్ల ఇయ్యది అని. ఇన్నాళ్లూ నన్ను బతికించిన మాటే ఇప్పుడు అడ్డం పడుతోంది. ఇది అంబదాస్‌కు ఎవరు చెప్పాలి?

ఫిబ్రవరి 10
శనివారం దాకా గడువు. ఆలోగా నేర్చుకోకుంటే విశాఖ నుంచి మనిషిని పిలిపిస్తారట. మా గోదాట్లోకి విశాఖ మనిషా!

ఫిబ్రవరి 11
బాపుకు చెప్పక తప్పలేదు. మండిపడతాడనుకున్నాను. నా మొఖం చూసి, నీళ్లల్ల నీకు గాలి యాడిది అని అడిగాడు. సిలిండర్‌ది అన్నాను. నేను చెప్పింది గాలి లేనోనికిరా, నీకు ఈపు నిండ ఉన్నది, జర ఇడిస్తె ఏం పోతది అన్నాడు. దేవదాస్ గారు వారం రోజులుగా మొత్తుకుంటున్నది బాపు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఫిబ్రవరి 12
పొద్దున: సగం నీళ్లు పోయాయి, సగం తాగాను.
పదకొండు గంటలు: పోయాయి! అన్నీ! కళ్లు తెరిస్తే ఎదురుగా దేవదాస్ గారు, ఆయన చెవి పక్కనుంచి ఒక జెల్ల చేప పోతోంది. సాయంత్రానికి ఇరవై రెండుసార్లు చేశాను.

ఫిబ్రవరి 15
ఇరవై అడుగుల లోతు. టెస్టులో దేవదాస్ గారు నా మాస్కు మొత్తం పీకేశారు. తడిమి పట్టుకున్నాను, పెట్టుకున్నాను, ఒక్క ఊదుతో ఖాళీ చేశాను. పోస్టు నాదే. అంబదాస్ జిలేబీ పెట్టాడు. తిన్నాను, పగ తర్వాత చూసుకోవచ్చు. బాపు గట్టు మీద ఎదురైన ప్రతివాడితో, మావోడు నీళ్లల్ల ఊపిరి పీలుస్తడు అంటున్నాడు. వద్దనలేదు నేను. గర్వంగానే ఉంది.

మార్చి 2
గేటు కింద ఇరుక్కున్నది టేకు మొద్దు. తాడు కట్టాను, పైకి లాగేశారు. పైకి రమ్మని నా నడుముకు కట్టిన తాడు కదిపారు. జరసేపు ఆగమని తిరిగి కదిపాను. మాస్కు అంచు నేనే ఎత్తాను. కళ్ల దాకా నీళ్లు నిండాయి. ఊదలేదు. గొట్టంలోంచి ఊపిరి పీలుస్తూ, నింపాదిగా అలాగే కూర్చున్నాను.